ఉద్యోగార్థికి ఒక ఆస్థాన కవి

డబ్బులిచ్చి మరొకరి చేత రెజ్యూమే రాయించుకోవడం సబబా కాదా అన్నది ఆషామాషీ ప్రశ్న కాదు. పూర్వం రాజులకు ఆస్థాన కవులుండేవారు. వంకర ముక్కు రాజును మన్మథుడనీ, ఊరి చెరువు దాటని రాజును దిగ్విజయుడనీ పద్యం కట్టేవారు. రాజు నమ్మేవాడో లేదో గాని డబ్బు మాత్రం ఇచ్చేవాడు. ఇన్నాళ్లకు ఆ సౌకర్యం జీతగాడికీ అందింది. ఇందులో గొణుక్కోవడానికేముంది?

"తన గురించి తాను రాసుకోలేనివాడు ఇంకేం ఉద్యోగం చేస్తాడు" అనే పెద్దలకు ఒక సంగతి మనవి చేయాలి. 1482 ప్రాంతంలో లియొనార్డో డా విన్సీ, మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జా కొలువు కోరుతూ ఒక ఉత్తరం తయారు చేసుకున్నాడు. లోకంలో మొదటి రెజ్యూమే ఇదేనని చాలామంది అంటారు. తేలికపాటి వంతెనలు కడతాను, ఫిరంగులు చేస్తాను, శత్రువు కోట కిందికి సొరంగం తవ్వుతాను అని వరుసగా చెప్పుకొచ్చి, శాంతికాలం వస్తే శిల్పం చెక్కగలను, బొమ్మలు కూడా వేయగలను అని చిట్టచివర అన్నాడు. యజమానికి కావలసింది ముందు, తనకు నిజంగా వచ్చింది వెనక! అంతకంటే ముఖ్యమైన విషయం, మనకు మిగిలిన ఆ ప్రతిలో చేతిరాత ఆయనది కాదు. మాటలు ఎవరివో తేల్చడం పండితుల పని. నా వాదనకు చేతిరాత చాలు.

అంతటివాడికి తప్పనిది నాకు తప్పుతుందా? నేనూ ఒకాయన్ని కుదుర్చుకున్నాను. ఫోన్ చేసి నమస్కారమైనా పూర్తి కాకుండానే అంకెల్లోకి దిగాడు.

"మీ వల్ల కంపెనీకి ఎంత శాతం లాభం పెరిగింది సార్?"

"నేను స్టోర్స్‌లో సామాను లెక్క చూస్తానండీ."

"అదేనండీ, ఎంత శాతం?"

"లెక్క సరిపోయేదండీ."

"అంటే 100 శాతం. రాసుకుంటున్నాను."

వారం తరవాత నా నాలుగు పేజీలు ఒకటిన్నర పేజీ అయి తిరిగొచ్చాయి. గోడౌన్ తాళాలు నా జేబులో ఉండటం "క్రిటికల్ అసెట్స్ భద్రతకు సారథ్యం" అయింది. మేనేజర్ తిడితే నోరు మూసుకుని నిలబడటం "స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్". పని లేక ఇంట్లో కూర్చున్న ఏడు నెలలు "స్వతంత్ర అధ్యయన కాలం". రాత్రి లైటు కింద మళ్లీ మళ్లీ చదివాను. ఆయనెవరో గాని మహానుభావుడు. మా స్టోర్స్‌లో చేరి ఉంటే నా ఉద్యోగం ఎప్పుడో ఊడేది. మా ఆవిడ కూడా చదివి, "ఈయనెవరో ఇన్వెంటరీ ఆప్టిమైజ్ చేస్తారట కదా, మన అటక మీదది ఓసారి చేసి పెట్టమనండి" అంది.

ఇక ఈ వ్యాపారానికి మూలధనం భయం. కంపెనీలకొచ్చే దరఖాస్తులను చూసే ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ రాక్షసుడున్నాడనీ, వాడు రెజ్యూమేలను నమిలి ఊసేస్తాడనీ ముందు భయపెడతారు. మామూలుగా ఆ సాఫ్ట్‌వేర్ చేసేది గుమాస్తా పని. పేరు, చదువు, చేసిన ఉద్యోగాలు గళ్లలో నింపుతుంది, ఎవరైనా ఫలానా పదం వెతికితే తీసి చూపిస్తుంది. రెండు నిలువు వరుసలుగా, పట్టికలతో, బొమ్మలతో సింగారించిన రెజ్యూమే ఇస్తే కొన్నిసార్లు తికమకపడి డిగ్రీ పక్కన ఫోన్ నంబరు అతికిస్తుంది. సాదాగా టైపు చేసిన కాగితం దానికి హాయి. ఆ రహస్యం చెబితే ప్యాకేజీ ఎవరు కొంటారు?

రాక్షసుణ్ణి దాటాక మనిషి. రిక్రూటర్ల కళ్లు ఎటు కదులుతున్నాయో కొలిచిన ల్యాడర్స్ అనే ఉద్యోగాల సంస్థ, ఒక్కో రెజ్యూమే మీద మొదటి చూపు నిలిచేది 6 సెకన్లని 2012లో, 7.4 సెకన్లని 2018లో చెప్పింది. ఆరేళ్లలో 1.4 సెకన్ల దయ పెరిగిందన్నమాట. నా స్వతంత్ర అధ్యయన కాలం చదవడానికి అదెక్కడ సరిపోతుంది?

అయినా పరిశోధన నా పక్షానే ఉంది. 2023లో వచ్చిన ఒక పత్రంలో, ఆన్‌లైన్‌లో పని వెతుక్కునే దాదాపు 4 లక్షల 80 వేల మందిలో కొందరికి రాతలో తప్పులు చూపే సాఫ్ట్‌వేర్ సాయం ఇచ్చి చూశారు. సాయం దొరికినవాళ్లకు పని దొరకడం 8 శాతం పెరిగింది. అక్షరదోషాలు దిద్దితేనే 8 శాతమైతే, దిగ్విజయాలు చేరిస్తే ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. ఆ దిద్దుడేదో చదువుకున్న స్నేహితుడు ఊరికే చేసి పెడతాడు నిజమే. కానీ స్నేహితుడు చెబితే మనం వింటామా? డబ్బు కట్టాం గనక వింటాం.

గ్యారంటీ కూడా ఉంటుందండోయ్. ఇంటర్వ్యూ పిలుపు రాకపోతే మళ్లీ ఉచితంగా రాసిస్తారు. మందు పనిచేయకపోతే అదే మందు ఇంకో సీసా.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. ఫోన్ పెట్టేసే ముందు మా కవిగారు, బహుశా పొరపాటున, మంచి ప్రశ్న అడిగాడు. "మీరు చేరకముందు ఆ పని ఎలా జరిగేదండీ?" నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. అప్పట్లో ఏడాదికోసారి లెక్కపెట్టేవారు, మధ్యలో ఏది అయిపోయినా ఎవరికీ తెలిసేది కాదు. నేను ప్రతి ర్యాకుకీ ఎర్ర చీటీ పెట్టించాను. సామాను పదికి తగ్గితే ఎర్ర వైపు బయటికి తిప్పాలి, అంతే. ఇరవై నిమిషాలు చెప్పాను. ఆయన ఒక్క లైను రాసి, పసలేదనుకున్నాడేమో, అన్నిటికంటే కింద పడేశాడు.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఎదురుగా ఉన్నాయన "సప్లై చెయిన్ పరివర్తనకు సారథ్యం అంటే ఏం చేశారు?" అన్నాడు. గోడ గడియారం చప్పుడు నాకు బాగా వినిపించింది. ఆయన వేలు మెల్లగా కిందికి జారింది. "ఈ ఎర్ర చీటీ ఏంటి?" అప్పుడు నాకు నోరొచ్చింది. ఆయన పెన్ను పక్కన పెట్టి విన్నాడు, మధ్యలో రెండు ప్రశ్నలు కూడా వేశాడు.

లేవబోతుంటే ఆయనే లేచి తలుపు దగ్గరగా వేశాడు. "మిగతా పేజీ మాత్రం భలే ఉందండీ. ఎవరి చేత రాయించారు? నేనూ మారదామనుకుంటున్నాను."

నంబరు ఇచ్చాను. నా సంగతి తరవాత తెలియజేస్తామన్నారు.