ర్యామ్ 64 చేయించినా టైమ్‌లైన్ ఎందుకు ల్యాగ్ అవుతోంది?

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా ఆగకుండా తిరుగుతోంది. అడోబీ వారి వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో టైమ్‌లైన్ (క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీ) ల్యాగ్ అయితే, అంటే ఆగి ఆగి ఆడితే, ర్యామ్ 64 జీబీ చేయించాలట. పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేయించాలట. క్యాష్ (వేగం కోసం సాఫ్ట్‌వేర్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) రోజూ డిలీట్ చేయాలట. ఎక్స్‌టర్నల్ డిస్కు యూఎస్‌బీ 3 అయితే చాలట. గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలట. లిప్‌సింక్ (పెదాల కదలికకూ మాటకూ పొంతన) జారినా సిస్టమ్ చాలకపోవడమే కారణమట. వీటిలో ప్రతిదీ ఎవరికో ఒకరికి పనిచేసే ఉంటుంది. జ్వరం ఏదైనా ఒకే మాత్ర ఇచ్చినట్టు అందరికీ రాసివ్వడంతోనే డబ్బు దండగ అవుతోంది.

ముందు ర్యామ్ సంగతి. తడబడే చోటే ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్‌లో మెమరీ చూడండి. 32 జీబీలో 20 దగ్గరే ఆగితే ఇంకో 32 వేయించినా ఆ తడబాటు పోదు. అడోబీ సిఫారసు కూడా హెచ్‌డీకి 16, 4కేకి 32 జీబీయే. మెమరీ 95 శాతం దాటి, పక్కన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కూడా తెరిచి ఉంటే అప్పుడు పెంచండి. 32 జీబీ ఒకే స్టిక్‌గా కాకుండా 16 చొప్పున రెండు తీసుకుంటే రెండూ ఒకేసారి పనిచేసే డ్యూయల్ చానల్ లాభం దక్కుతుంది.

అసలు దెబ్బ తగిలేది గ్రాఫిక్స్ కార్డు దగ్గర. హెచ్.265 అనే పద్ధతిలో కుదించిన వీడియో ఫైల్‌లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. ఒక పూర్తి ఫ్రేమ్, దాని తర్వాత మారినంత వరకే రాసుకున్న ఫ్రేములు, మళ్లీ ఒక పూర్తి ఫ్రేమ్. మీరు ప్లేహెడ్‌ను (టైమ్‌లైన్‌లో ఎక్కడున్నామో చూపే గీత) జీలకర్ర బెల్లం దగ్గర పెడితే సాఫ్ట్‌వేర్ వెనక్కి వెళ్లి, పూర్తి ఫ్రేమ్ పట్టుకుని, అక్కడి నుంచి లెక్కకట్టుకుంటూ రావాలి. మూడు కెమెరాల మల్టీకామ్ అయితే ఆ పని మూడింతలు. దీన్ని విప్పేది కార్డులోని వీడియో డీకోడర్ అనే చిన్న భాగం. కార్డు ఎంత ఖరీదైనదైనా ఆ డీకోడర్‌కు మీ ఫార్మాట్ తెలియకపోతే భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

సోనీ కెమెరాలు ఇచ్చే, రంగుల వివరాలు ఎక్కువగా దాచే 4:2:2 10 బిట్ హెచ్.265 సరిగ్గా అలాంటిదే. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30, 40 సిరీస్ డీకోడర్లు 4:2:2ను విప్పలేవు. 50 సిరీస్‌తోనే ఆ సదుపాయం వచ్చింది. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మాత్రం విప్పగలదు. అందుకే కొంత డబ్బు మిగులుతుందని పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్ (13700ఎఫ్ లాంటిది) కొంటే నష్టపోతారు, అందులో గ్రాఫిక్స్ భాగమే పనిచేయదు. ఎఫ్ లేనిది ఉన్నా కార్డు పెట్టాక బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరిచే సెట్టింగులు) లోపలి గ్రాఫిక్స్ ఆఫ్ అయి ఉండొచ్చు, ఆన్ చేయండి. తర్వాత ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియాకు వెళ్లి, హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్ టిక్ ఉందో లేదో చూసి, ప్రోగ్రామ్ మూసి తెరవండి.

తేలిగ్గా తేల్చుకునే దారి ఉంది. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ తెరిచి వీడియో డీకోడ్ గ్రాఫ్ చూస్తూ ప్లే చేయండి. లోపలి గ్రాఫిక్స్‌కూ కార్డుకూ వేర్వేరు పేజీలుంటాయి, రెండూ చూడాలి. రెండింట్లోనూ గీత నేలకే అతుక్కుని, ప్రాసెసర్ మాత్రం 100కి తగులుతుంటే జబ్బు దొరికినట్టే.

కొత్తది కొనకుండా మందు ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకళ్లు. క్లిప్పులు ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి, ప్రాక్సీ మెనూలో క్రియేట్ ప్రాక్సీస్ నొక్కి, ప్రోరెస్ (ఎడిటింగ్‌కు తేలికైన యాపిల్ ఫార్మాట్) ప్రాక్సీ ప్రీసెట్ తీసుకోండి. 1080, 25 ఫ్రేములకు ఇది సుమారు 38 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు, 8 మెగాబిట్లు ఒక ఎంబీ), అంటే గంట ఫుటేజీకి 17 జీబీ. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకు సిద్ధం. ఎక్స్‌పోర్ట్‌లో ప్రాక్సీలు వాడమని మీరే టిక్ పెడితే తప్ప ఒరిజినల్సే వెళ్తాయి, క్వాలిటీ భయం అక్కర్లేదు. ప్రాక్సీలు విడిగా చేసి అటాచ్ చేసేవాళ్లు ఆడియో చానళ్ల సంఖ్య ఒరిజినల్‌తో సరిపోయేలా చూసుకోవాలి. తేడా వస్తే ప్రీమియర్ ఒప్పుకోదు.

క్యాష్ రోజూ డిలీట్ చేస్తే మర్నాడు ప్రాజెక్టు తెరవగానే వేవ్‌ఫారాలన్నీ (ఆడియోను చూపే గీతలు) మళ్లీ తయారవుతూ కూర్చుంటాయి. ఉన్న వేగం కూడా పోగొట్టుకోవడమే. వేవ్‌ఫారం కనిపించకపోయినా, మార్చిన క్లిప్ స్థానంలో పాత బొమ్మే వస్తున్నా, డిస్కు నిండినా అప్పుడు ప్రాజెక్టు మూసి డిలీట్ చేయండి. అసలు క్యాష్‌ను సీ డ్రైవ్ నుంచి వేరే ఎస్‌ఎస్‌డీకి మార్చేస్తే ఇంకా మేలు.

యూఎస్‌బీ 3 అని డిస్కు మీద రాసి ఉంటే చాలదు, కేబుల్ కూడా అదే అయి ఉండాలి. ఫోన్‌తో వచ్చే టైప్ సీ చార్జింగ్ కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2వే. కాగితం మీద 480 ఎంబీపీఎస్, చేతికి వచ్చేది సెకనుకు 40 ఎంబీ లోపు. 4కే ప్రోరెస్ 422, 25 ఫ్రేములకు ఒక్క లేయరే సెకనుకు సుమారు 61 ఎంబీ అడుగుతుంది. ఒక 10 జీబీ ఫైల్ కాపీ చేసి చూడండి: వేగం 40 దగ్గరే నిలబడితే ముందు కేబుల్ మార్చండి. 100 దాటినా మల్టీకామ్ ఆగుతుంటే అది తిరిగే హార్డ్ డిస్కు కష్టం. మూడు ఫైళ్ల మధ్య దాని హెడ్ అటూ ఇటూ గెంతాలి, అక్కడ ఎస్‌ఎస్‌డీ తప్పదు.

డ్రైవర్ విషయంలో పెద్దగా చెప్పేది లేదు. ఎన్విడియా స్టూడియో డ్రైవర్ పెట్టుకోండి, డెలివరీ ముందురోజు మాత్రం ముట్టుకోకండి. ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగితే ఎర్రర్‌లో టైమ్‌కోడ్ (వీడియోలో ఆ చోటి సమయం) ఉందేమో చూడండి. సరిగ్గా అక్కడున్న క్లిప్పో ఎఫెక్టో తీసేసి మళ్లీ పంపితే చాలా కేసులు తేలిపోతాయి.

లిప్‌సింక్ జారడానికీ సిస్టమ్ శక్తికీ చాలాసార్లు సంబంధమే ఉండదు. చాలా ఫోన్లు వేరియబుల్ ఫ్రేమ్ రేటులో, అంటే సెకనుకు ఫ్రేముల సంఖ్య మారుతూ ఉండేలా తీస్తాయి. ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫోలో ఫ్రేమ్ రేట్ మోడ్ వేరియబుల్ అని ఉంటే ఆ ఫైల్‌ను వీడియో మార్చే సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో వేసి, కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని, ప్రాజెక్టు రేటుకు మార్చాకే టైమ్‌లైన్‌లోకి తీసుకోండి.