ఐదు వందల సైట్లలో ఒకే ఆర్టికల్ పెట్టమనే ఆ మెసేజ్ గురించి

ఈ వారంలో ఇది ఏడోసారి. లాడ్జీల వాళ్ళ గ్రూపులో వచ్చింది, ట్రావెల్స్ వాళ్ళ గ్రూపులో వచ్చింది, చివరికి మా చిన్నాయన కొడుకు కూడా "అన్నా, మన సైట్‌కి ఇది చేసేద్దామా" అని నాకే పంపినాడు. పైన "రూపాయి ఖర్చు లేకుండా 30 రోజుల్లో గూగుల్ ఫస్ట్ పేజీ" అని, కింద ఆరు పాయింట్లు. ఒక ఆర్టికల్ రాసి 500 సైట్లలో పెట్టు, అన్నిట్లో నీ లింకు ఇయ్యి. సాఫ్ట్‌వేర్‌తో పదాలు మార్చు. ప్రతి లింకుకీ "తిరుపతి ట్యాక్సీ" అని నొక్కే చోట ఒకే మాట పెట్టు. కీవర్డ్స్ ట్యాగ్ (పేజీ కోడ్‌లో కనిపించకుండా రాసే పదాల జాబితా) నింపు. డీఏ (డొమైన్ అథారిటీ అని సైట్లకి వేసే మార్కు) 50 దాటిన సైట్లే ఎంచుకో. టాపిక్ దొరక్కపోతే దర్శనం మీద రాయి, జనం దానికే ఎక్కువ. ఎవరు రాసినారో పేరు లేదు. తిరుపతిలో చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు చేసి బతికేవాణ్ణి నేను, ఒక్కొక్కరికీ ఫోన్లో విడివిడిగా చెప్పి చెప్పి అలిసిపోయినాను, అందుకే ఒకేసారి రాస్తా ఉండా.

చిన్నవి ముందు తీసేస్తా. కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ని ర్యాంకింగ్‌లో లెక్కలోకే తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. డీఏ అనేది మోజ్ అనే కంపెనీ సొంతంగా వేసుకునే మార్కు, గూగుల్‌కి దాంతో పని లేదు. ఆ రెండూ అయిపోయినాయి.

ఇంక 500 లింకుల సంగతి. ఎక్కువ సైట్లు లింకు ఇస్తే గూగుల్ ఆ సైట్‌ని పైకి తెచ్చేది, అందుకే ఇది ఒకప్పుడు పనిచేసిన మాట నిజం. 2010లో రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జికి నేనే చేసినాను, అరవై డెబ్బై సైట్లలో ఆర్టికల్స్ పెట్టినాను, ఎవరైనా ఆర్టికల్ పెట్టుకోగల ఈజైన్ ఆర్టికల్స్ లాంటి డైరెక్టరీలు వెలిగిపోతా ఉన్న రోజులవి, ఆర్టికల్ చివర రచయిత పరిచయంలో లింకు ఇస్తే చాలు సైట్ పైకి వచ్చేది, ఆ లాడ్జి ఆయన నన్ను కూర్చోబెట్టి టిఫిన్ పెట్టించి మరీ మెచ్చుకున్నాడు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తన ర్యాంకింగ్ లెక్క మార్చిన పాండా అప్‌డేట్ వచ్చి ఆ డైరెక్టరీలని దెబ్బ కొట్టింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే ఇంకో అప్‌డేట్ వచ్చి అట్లాంటి లింకులు పెట్టుకున్న సైట్లనే కింద పడేసింది. మా లాడ్జి సైట్ మొదటి పేజీ నుంచి ఎక్కడికి పోయిందో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. ఆయనకి ఫోన్ చేసి చెప్పడానికి నాకు రెండు రోజులు ధైర్యం చాల్లేదు. అది జరిగి ఇన్నేళ్ళయినాక అదే మందు కొత్త సీసాలో పోసి పంపిస్తా ఉండారు. ఇప్పుడు గూగుల్ అట్లాంటి లింకుల్ని చాలావరకు లెక్కలోంచి తీసి పారేస్తుంది, అంటే నెల రోజుల కష్టానికి సున్నా. శ్రుతి మించితే మాన్యువల్ యాక్షన్ అని, అంటే గూగుల్ మనుషులే చూసి వేసే శిక్ష అని, సెర్చ్ కన్సోల్‌లో (సైట్ ఓనర్లకి గూగుల్ ఇచ్చే పేజీ) నోటీసు కూడా వస్తుంది. ప్రతి లింకుకీ ఒకే "తిరుపతి ట్యాక్సీ" పెట్టడమంటే దొంగతనం చేసి సంతకం పెట్టి రావడమే, వేరే వేరే మనుషులు నిజంగా లింకు ఇస్తే అందరూ అక్షరం పొల్లుపోకుండా అదే మాట రాస్తారా?

ఒక్కటి మాత్రం ఆ మెసేజ్ తరఫున చెప్పాలి. దాన్ని తిడతా కొందరు "ఒకే ఆర్టికల్ రెండు చోట్ల ఉంటే గూగుల్ సైట్‌ని బ్యాన్ చేస్తుంది" అని పెడతా ఉండారు, అదీ తప్పే. ఒకే మ్యాటర్ పది చోట్ల ఉంటే గూగుల్ మామూలుగా వాటిలో ఒకదాన్ని ఎంచుకుని చూపిస్తుంది, అంతే, శిక్షేం లేదు. కాకపోతే ఆ ఎంచుకునేది నీ సైట్‌నే అని ఎవరు హామీ ఇచ్చినారు?

పదాలు మార్చే సాఫ్ట్‌వేర్ గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. దాంట్లోంచి బయటికొచ్చిన ఒక తెలుగు ఆర్టికల్ చూసినాను, తలనీలాలు "తల నీలి రంగులు" అయినాయి, ఏడుకొండలవాడు "సప్త గుట్టల మనిషి" అయినాడు. చదివి కడుపు మండిపోయింది. ఏఐతో అయితే తప్పులుండవు కదా అంటారు, సరే, కానీ ర్యాంకు కోసం కుప్పలు తెప్పలుగా పేజీలు పుట్టించడాన్ని 2024 మార్చిలో గూగుల్ స్పామ్ పాలసీలోనే చేర్చింది, మనిషి రాసినా మెషీన్ రాసినా ఒకటే అని.

వీటన్నిట్లో పోయేది చేసినవాడి డబ్బు, చేసినవాడి టైం. ఆరో పాయింట్ అట్ల కాదు. దర్శనం మీద రాయి, 500 చోట్ల పెట్టు. మీకు అర్థమవతా ఉందా ఇదేం చెప్తా ఉందో? టీటీడీ బుకింగ్ వెబ్‌సైట్ అడ్రసే ఈ కొన్నేళ్ళలో ఒకటికి రెండుసార్లు మారింది. శ్రీవారి మెట్టు దారిలో కొండకి నడిచేవాళ్ళకి దర్శనం టోకెన్లు ఆ మెట్ల దారిలోనే ఇచ్చేవాళ్ళు, 2025 జూన్‌లో దాన్ని అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్‌కి మార్చినారు, రేపు మళ్ళీ మార్చొచ్చు. నీ సైట్‌లో ఒక పేజీ ఉంటే ఐదు నిమిషాల్లో దిద్దుతావు. 500 మంది సైట్లలో ఉన్నదాన్ని ఎవరు దిద్దుతారు? వాటిని చూసి ఇంకో వంద మంది కాపీ కొట్టినదాన్ని? ఎక్కడో ఆదిలాబాద్ నుంచి ముసలి తల్లిని తీసుకుని వచ్చినాయన పాత ఆర్టికల్ నమ్మి తెల్లారుజామున శ్రీనివాసమంగాపురం దాటి మెట్టు దగ్గరికి పోతాడు, టోకెన్ ఇక్కడ కాదు అలిపిరికి పో అంటారు, ఆటో ఛార్జీ ఇచ్చుకుని ఆమెని ఎక్కించుకుని వెనక్కి తిరగాల, ఆ లోపల ఆ రోజు టోకెన్లు అయిపోవచ్చు కూడా. నీ ట్యాక్సీకి ఒక క్లిక్ కోసం ఇదంతా. పైగా దర్శనం టికెట్ల పేరుతో నకిలీ సైట్లు పెట్టి భక్తుల్ని ముంచేవాళ్ళ మీద టీటీడీ పోలీసు కంప్లైంట్లు ఇచ్చుకుంటా వస్తా ఉంది, "300 రూపాయల టికెట్లు, మమ్మల్ని సంప్రదించండి" అని నీ ఫోన్ నంబర్‌తో ఆర్టికల్ ఊరంతా అంటిస్తే నిన్ను ఏ వరసలో నిలబెడతారో ఆలోచించుకో. కొండ పేరు చెప్పుకుని అన్నం తినే ఊరు మనది, ఆ భక్తుణ్ణి దారి తప్పించి బతకాల్సిన ఖర్మ మనకెందుకప్పా?

ఆర్టికల్ రాయడం తప్పని నేను అనడం లేదు. శ్రీకాళహస్తిలో కలంకారీ అమ్మే ఒకావిడ తన సైట్‌లో ఒక్కటే పేజీ రాసుకుంది, చేత్తో వేసిన పనికీ ప్రింటుకీ తేడా ఎట్ల కనుక్కోవాల, గుడ్డని కరక్కాయ, పాలలో ఎందుకు నానబెడతారు, బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి నల్లరంగు ఎట్ల తీస్తారు అని, సొంత ఫోటోలతో. ఎవరినీ అడక్కుండానే చీరల గురించి రాసేవాళ్ళు దానికి లింకులు ఇచ్చుకున్నారు. ట్యాక్సీ ఉన్నవాడు కాణిపాకం, కాళహస్తి ఒకే రోజులో చూడాలంటే ఎన్నింటికి బయల్దేరాలో రాయి, అది నీకు తెలిసినంత ఎవరికీ తెలీదు. గూగుల్ మ్యాప్స్‌లో బిజినెస్ ప్రొఫైల్ ఫ్రీగా ఇస్తారు, టైమింగ్స్ సరిగ్గా పెట్టి ఫోన్ ఎత్తు. దర్శనం సంగతికి టీటీడీ అధికారిక సైట్ లింకు ఒకటి ఇచ్చి ఊరుకో.

2010లో ఆ లాడ్జి కోసం నేను రాసిన వాటిలో ఒకటి దర్శనం బుకింగ్ గురించే. నిన్న రాత్రి వెతికితే పదకొండు సైట్లలో ఇంకా ఉండాది, పాత బుకింగ్ అడ్రస్‌తో, కింద నా పేరుతో. అన్నిటికీ తీసేయమని మెయిల్ పెట్టినాను. నాలుగు వెనక్కి వచ్చేసినాయి, మిగతావాటి నుంచి జవాబు లేదు. ఈ రాత్రి మళ్ళీ పెడతా.