తోటకూర ఎర్రనీళ్లు, ఒక సమాకలన సమీకరణం

ఎర్ర తోటకూరను ఉడికించి వార్చినప్పుడు గిన్నెలోకి దిగే చిక్కటి గులాబీ రంగు నీరు బీటాసయనిన్ల పుణ్యం. ఆ వర్ణకాలు నీటిలో ఇట్టే కరుగుతాయి కనుక వార్చిన నీటితో పాటే తూములోకి పోతాయి. అదే ఆకులోని బీటా కెరోటిన్, అంటే శరీరం విటమిన్ ఏగా మార్చుకునే వర్ణకం, మాత్రం నీటికి లొంగదు. దానికి నూనె కావాలి, పోపు పడ్డ తర్వాతే అది పేగు గోడ దాటే అవకాశం పెరుగుతుంది. ఒకే ఆకులోని రెండు రంగులకే ఇంత తేడా ఉండగా, రంగురంగుల కూరలు తినమన్న సలహాను ఫలానా రంగు మాత్ర మింగమన్న సలహాగా మార్చేసుకోవడం తొందరపాటని నా అభిప్రాయం. ఆ తొందరపాటుకు ఒకసారి చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

కూరగాయలు ఎక్కువగా తినేవారిలో, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనిపిస్తోందని అప్పటికే కొన్ని పరిశీలనలు ఉండగా, క్యాన్సర్‌ను తగ్గించేది ఈ వర్ణకమేనా అని 1981లో రిచర్డ్ పీటో, రిచర్డ్ డాల్ తదితరులు నేచర్ పత్రికలో ప్రశ్న లేవనెత్తారు. ప్రశ్న సరైనదే. జవాబు కోసం ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై పరీక్ష జరిగింది. వారిలో సగం మందికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చేసరికి మాత్ర మింగిన వారిలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్‌కు విటమిన్ ఏ కలిపి ఇచ్చిన మరో పరీక్షలో ఆ పెరుగుదల 28 శాతం కావడంతో, 1996లో గడువుకు 21 నెలల ముందే మాత్రలు ఆపేశారు.

పరిశీలన అబద్ధం కాదు, పరీక్షా అబద్ధం కాదు. మరి పొరపాటు ఎక్కడ? ఇక్కడ గణితం అక్కరకు వస్తుంది.

ఈ రోజు రక్తంలో ఉన్న కెరోటిన్ ఈ రోజు తిన్న కూరది మాత్రమే కాదు. గడిచిన రోజుల్లో తిన్న ప్రతి పూటదీ, పాతబడిన కొద్దీ తగ్గుతూ, కొంత కొంత మిగిలి కూడగా వచ్చిన మొత్తం అది. తిన్నదాన్ని కాలంతో మారే ఒక ప్రమేయంగా (ఫంక్షన్‌గా) తీసుకుని, ప్రతి గడిచిన క్షణానికీ ఒక భారం కట్టి, అన్నింటినీ కలిపి మరో ప్రమేయాన్ని ఇచ్చే ఈ యంత్రాంగమే సమాకలన ఆపరేటర్. ఆ భారాన్ని కెర్నల్ అంటారు. ఇలాంటి ఆపరేటర్లతో రాసే సమాకలన సమీకరణాలకు ఇటలీలో వోల్టెర్రా, స్వీడన్‌లో ఫ్రెడ్‌హోమ్ అనే గణితవేత్తలు పునాది వేశారు. ఈ ఆపరేటర్‌కు ఎగుడుదిగుళ్లను నునుపు చేసే గుణం ఉంది. రోజూ ఒక కట్ట తోటకూర తిన్నా, రోజు విడిచి రోజు రెండేసి కట్టలు తిన్నా, కొన్ని వారాలకు రక్తంలోని కెరోటిన్ స్థాయి దాదాపు ఒకేలా ఉంటుంది.

అందుకే వెనక్కి నడవడం కష్టం. ఫలితంలో పిసరంత తేడా వచ్చినా, దానికి కారణమైన తిండిలో ఎంతో తేడా ఉన్నట్టు లెక్క తేలవచ్చు. ఇది మజ్జిగను చూసి ఏ పూట ఎన్ని పాలు తోడు పెట్టారో చెప్పబోవడం లాంటిది. పైగా ఇక్కడ లోపలికి వెళ్లేది కెరోటిన్ ఒక్కటే కాదు. ఆకుకూర ఎక్కువగా తినేవారు పీచు, ఫోలేట్, ఇంకెన్నో పదార్థాలు తింటారు, తరచుగా పొగ తక్కువ తాగుతారు. రక్తంలోని కెరోటిన్ ఆ మొత్తం జీవితానికి ఒక గుర్తు. ఆ గుర్తునే మందుగా తీసుకున్నారు.

రెండో పొరపాటు మోతాదుది. సరళ (రేఖీయ) ఆపరేటర్‌కు రెట్టింపు ఇస్తే రెట్టింపు ఫలితం వస్తుంది, శరీరానికి అలాంటి ఒప్పందమేమీ లేదు. ఫిన్లాండ్ పరీక్షలో రక్తంలోని బీటా కెరోటిన్ మామూలు స్థాయికి పది రెట్లు దాటిపోయింది. తిండి మీద జరిగిన పరిశీలనల్లో అంత ఎత్తు ఎవరూ చూడలేదు.

అలాగని ఆకు ఎప్పుడూ మాత్ర కంటే మేలని అనడానికీ లేదు. పశ్చిమ జావాలో పాలిచ్చే తల్లుల మీద జరిగిన ఒక పరీక్ష 1995లో వెలువడింది. వేయించిన ముదురాకుపచ్చ ఆకుకూరలు రోజూ తిన్నవారిలో విటమిన్ ఏ మెరుగుపడలేదు. అంతే బీటా కెరోటిన్ కలిపిన బిస్కెట్ లాంటిది తిన్నవారిలో మెరుగుపడింది. ఆకు కణాల్లో చిక్కుకున్న వర్ణకం అంత తేలిగ్గా బయటపడదు. ఆహారంలోని 6 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ ఒక మైక్రోగ్రాము రెటినాల్‌తో, అంటే శరీరం నేరుగా వాడుకునే విటమిన్ ఏతో, సమానమన్న పాత లెక్కను 2001లో అమెరికా వైద్య సంస్థ 12గా సవరించింది. అంటే ఆహారంలోని కెరోటిన్‌కు మనం కట్టే భారం, ఆ కెర్నల్, ఒక్క కలం పోటుతో సగమైంది. మన ఆకుకూరల పట్టికలను చదివేవారు గుర్తుంచుకోదగ్గ సవరణ ఇది.

ఒక్క రంగు మాత్రకు న్యాయమైన చోటు కూడా ఒకటుంది. కంటి రెటీనా నడిమి భాగమైన మాక్యులాలో ల్యూటిన్, జియాజాంథిన్ అనే పసుపు వర్ణకాలు నిజంగానే పేరుకుని ఉంటాయి. మాక్యులా క్షీణతకు ఇచ్చే మాత్రలో పొగతాగిన వారికి ప్రమాదకరమైన బీటా కెరోటిన్ తీసేసి, 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ పెట్టవచ్చని 2013లో అమెరికాలో ముగిసిన పెద్ద పరీక్ష తేల్చింది. అందులో పాల్గొన్నవారంతా 50 ఏళ్లు దాటి, అప్పటికే మాక్యులా దెబ్బతిన్నవారు. రోజంతా ఫోన్ చూసే పాతికేళ్ల వారి కళ్ల గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పలేదు.