ఫుట్‌బాల్‌కు పద్దెనిమిదో నిబంధన

ప్రపంచమంతా పాటించే ఫుట్‌బాల్ నిబంధనలు 17. వాటిలో ఏ అక్షరం మార్చాలో, ఏది మార్చకూడదో తేల్చేందుకు 1886లో ఏర్పడిన ఒక మండలి నేటికీ ఏటా సమావేశమై తర్జనభర్జన పడుతుంది. బంతి మొత్తం గోలు గీతను దాటితేనే గోలు అని పదో నిబంధన చెబుతోంది. పాపం, ఆ మండలి పెద్దలెవరూ సంక్రాంతికి కోనసీమ వచ్చినట్టు లేరు. వచ్చి ఉంటే, బంతి గీత దాటినంత మాత్రాన ఏమీ కాదనీ, గోలుపోస్టు వెనక నిలిపిన డీజే బండిలోంచి ఐటం పాట మొదలైతే తప్ప గోలు సంపూర్ణం కాదనీ కళ్ళారా చూసి, చెవులారా విని, పద్దెనిమిదో నిబంధనను గోదావరి జిల్లాల పేరిట చేర్చి, పూతరేకుల పొట్లంతో తిరిగి వెళ్ళేవారు.

నేను మా ఊరి జట్టుకు అభిమానిని. ఈ జట్టు ఇంతవరకు పెద్దగా గెలిచింది ఏమీ లేదు. జెర్సీల మీద రొయ్యల మేత అమ్మే ఒక దుకాణం పేరు ఉండేది గాని, రెండు ఉతుకులకే సగం అక్షరాలు కాలువలో కలిసిపోయాయి. అయినా పండగ మూడు రోజులూ మైదానం చుట్టూ జనం నిలబడేవారు. పేట నుంచి ఎవరో ఒకరు డప్పు తెచ్చేవారు. రిఫరీ వంశవృక్షాన్ని గురించి గ్యాలరీలో (గ్యాలరీ అంటే కొబ్బరి తోట గట్టు) లోతైన చర్చ జరిగేది. అటువంటి స్వర్ణయుగంలో నిర్వాహక కమిటీ వారికి ఒకానొక దుర్ముహూర్తాన, మ్యాచ్‌లలో ఊపు తగ్గిందన్న అనుమానం కలిగింది. ఊపు అనే పదార్థాన్ని మనుషులు తయారు చేయలేరనీ, దానిని అద్దెకు తేవాలనీ వారు ఏకగ్రీవంగా తీర్మానించారు.

అలా వచ్చింది డీజే బండి. లారీ వెనక మనిషికి రెట్టింపు ఎత్తున బాక్సులు పేర్చి, వాటికి రంగురంగుల లైట్లు చుట్టి, పక్కన జనరేటర్ పెట్టారు. దాని బేసు మొదలైతే మైదానం అవతల ఉన్న పెంకుటింటి పెంకులు కదులుతాయి, గట్టు మీద కూర్చున్న పెద్దవారి గుండెలు తమ తాళం మానేసి బాక్సుల తాళానికి కొట్టుకుంటాయి. ఇంతటి యంత్రాంగాన్ని నడిపే ఆపరేటర్ కుర్రవాడు రాత్రి పూట కూడా నల్లకళ్ళద్దాలు తీయడు. అతను కూర్చునే స్థానం మైదానానికి వీపు పెట్టి ఉంటుంది. అంటే గోలును ప్రకటించే సర్వాధికారం చేతిలో ఉన్న ఏకైక వ్యక్తికి ఆట కనబడదు. జనం కేక విని పాట పెడదామంటే పాట మోతలో జనం కేక వినబడదు.

ఈ సాంకేతిక సమస్యకు కమిటీ కనిపెట్టిన పరిష్కారం తువ్వాలు. గోలు పోస్టు పక్కన ఒక పెద్దమనిషిని నిలబెట్టి, గోలు పడగానే తువ్వాలు ఊపమన్నారు. ఆపరేటర్ అద్దంలో ఆ తువ్వాలును చూసి పాట పెట్టాలి. యూరప్ దేశాలలో బంతి గీత దాటిందో లేదో చెప్పడానికి కెమెరాలు పెట్టి కోట్లు తగలేస్తున్నారు. మన దగ్గర ఒక తువ్వాలుతో పని జరిగిపోయింది. ఇందులో ఉన్న లోపం ఒక్కటే. మైదానం పక్కనే మురుగు కోడు ఉంది, కోడులో దోమలు ఉన్నాయి, తువ్వాలు పెద్దమనిషి కూడా మనిషే.

సెమీఫైనల్ నాటి సంగతి ఇది. స్కోరు సున్నా సున్నా. మా ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్‌లో (బంతి తన్నకముందే ఎదుటి రక్షకులను దాటి ముందుకు వెళ్ళి నిలబడితే ఆఫ్‌సైడ్, ఆ గోలు చెల్లదు), అదీ అణువంత కాదు, ఊళ్ళో ఎవరినడిగినా చెప్పేంత ఆఫ్‌సైడ్‌లో నిలబడి బంతి అందుకుని వలలోకి కొట్టాడు. లైన్స్‌మన్ జెండా ఎత్తాడు, రిఫరీ విజిల్ ఊదాడు. సరిగ్గా అప్పుడే తువ్వాలు పెద్దమనిషి చెవి దగ్గర ఒక దోమ పాడింది. తువ్వాలు కదిలింది, పాట మొదలైంది. విజిల్ ఊదిన సంగతి ఊదినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియలేదు. మా జట్టు మొత్తం మూలజెండా దగ్గర చేరి నాట్యం మొదలుపెట్టింది. మా గోల్‌కీపర్‌కు కూడా కళాతృష్ణ ఆగక, ఈ చివరి గోలును ఈశ్వరుడికి వదిలేసి ఆ చివరికి పరుగెత్తుకొచ్చి గుంపులో కలిశాడు.

ఎదుటి జట్టు గోల్‌కీపర్‌కు పాటలంటే ఆసక్తి లేదు. అతను బంతిని ఆఫ్‌సైడ్ జరిగిన చోట పెట్టి ఒక్క తన్ను తన్నాడు. అది ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ గనుక నేరుగా వలలో పడితే చెల్లదు, దారిలో మరొకరిని తాకాలి. ఇటువంటి చదువు అవతలి ఊరివాళ్ళకు ఎక్కువ. వాళ్ళ కుర్రవాడు తీరిగ్గా బంతిని ఆపి, ఖాళీ గోలు ముందుకు నడిపించుకుంటూ వెళ్ళి, లోపలికి నెట్టాడు. ఆ దారుణం చూసి తువ్వాలు పెద్దమనిషి తువ్వాలుతో నుదురు కొట్టుకున్నాడు. ఆపరేటర్ అదే పాటను మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. మావాళ్ళు అది తమ నాట్యానికి దక్కిన గౌరవంగా భావించి రెట్టించిన ఉత్సాహంతో కొనసాగించారు. మీరు ఓడిపోతున్నారు నాయనా అని చెప్పడానికి రిఫరీ మా కెప్టెన్ చెవిలో నోరు పెట్టి అరిచాడు. కెప్టెన్ అతన్ని ఆనందబాష్పాలతో కౌగలించుకున్నాడు. మైకులో యాంకర్ మాత్రం ఇరుజట్లూ చెరొక గోలు చేసి గోదావరి జిల్లాల మర్యాదను నిలబెట్టాయని ప్రకటించి, నల్లరంగు బండి అడ్డంగా ఉందనీ, ఆ బండి తాలూకు వారు ఎక్కడున్నా వేదిక వద్దకు రావాలనీ కోరాడు. ఎమ్మెల్యేగారి రాక, శాలువా, ఆయన ప్రవేశానికి ప్రత్యేకంగా మోగిన పాట, ఆయన ఫొటో కోసం మధ్యలో ఆగిన ఆట, ఇవన్నీ వర్ణించడానికి ఓపిక లేదు. మీ ఊళ్ళోనూ ఇవే జరిగి ఉంటాయి.

విరామంలో కమిటీ కార్యదర్శిని పట్టుకుని విజిల్ వినబడటం లేదని మొరపెట్టుకున్నాను. "ఆయ్, విజిల్ ఎవరిక్కావాలండీ బాబాయ్‌గారూ, జనానికి ఊపు కావాలండీ! మీరు బాక్సులకి మరీ దగ్గరగా కూర్చున్నారండీ, అలా చెట్టు కిందకెళ్ళి కూర్చోండి, కొబ్బరిబొండం పంపిస్తాను," అన్నాడు. గోదావరి జిల్లాలో ఎవరినైనా నోరు మూయించాలంటే ముందు బొండం కొట్టిస్తారు. నేను తాగాను.

ఈ నేల మీద పుట్టిన మనుషులకు అరవడానికి యంత్రం కావాలని ఎవరు చెప్పారు? కనుమ నాడు జగ్గన్నతోటకు వెళ్ళి చూడండి. పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రుల ప్రభలు అక్కడ చేరతాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను పచ్చని చేలలోంచి, కౌశిక పాయ నీళ్ళలోంచి భుజాల మీద మోసుకొస్తారు. ఒరిగిపోతున్న ప్రభను నిలబెట్టేది "అశ్శరభ శరభ" అని ఒక్కసారిగా లేచే కేక. ఆ గొంతులే, ఆ భుజాలే మర్నాడు మా మైదానం గట్టు మీద చేతులు కట్టుకుని, బాక్సులు తమ తరఫున సంతోషిస్తూ ఉంటే చూస్తూ నిలబడుతున్నాయి. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ క్లబ్బు అభిమానులు తమ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో పాడుకునే పాట కూడా వాళ్ళు రాసుకున్నది కాదు. 1945 నాటి ఒక అమెరికన్ సంగీత నాటకంలోది. 1963లో ఆ ఊరి కుర్రాళ్ళ బృందం ఒకటి దానిని రికార్డు చేస్తే, జనం దానిని తమ గొంతుల్లోకి లాక్కున్నారు, ఇప్పటికీ వదల్లేదు. మైకు ఆగినా ఆ పాట ఆగదు. మా డీజే బండికి డీజిల్ అయిపోయిన క్షణాన మా ఊరి అభిమానం కూడా అయిపోతుంది. 2010లో దక్షిణాఫ్రికా ప్రపంచకప్‌లో వూవూజెలా బూరల మోత భరించలేక ప్రపంచమంతా తిట్టిపోసింది. ఇప్పుడు తలచుకుంటే ఆ బూరల మీద నాకు గౌరవం కలుగుతోంది. వాటిని ఎవరో ఒకరు దవడలు నొప్పెట్టేలా ఊదవలసి వచ్చేది కదా.

ధ్వని విషయంలో మా ఊరి న్యాయశాస్త్రం ఎంత సూక్ష్మమైనదో చెప్పాలంటే నా రాత్రుల గురించి చెప్పాలి. శీతాకాలంలో యూరప్ క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు చాలావరకు మనకు అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకు మొదలవుతాయి. ఆ వేళకు డెల్టాలో మేలుకొని ఉండేది రెండే జాతులు: చెరువులో ఆక్సిజన్ పడిపోయి తెల్లవారేసరికి రొయ్యలు తేలిపోతాయేమోనని ఏరియేటర్ల దగ్గర కాపలా కూర్చునేవారు, నేను. ఇంట్లోవాళ్ళ నిద్ర పాడుచేయకూడదని టీవీ గొంతు పూర్తిగా నొక్కేస్తాను. 1992లో హ్యాండెల్ అనే పాతకాలపు సంగీతకర్త బాణీని ఆధారం చేసుకుని కట్టిన ఆ పోటీల గీతాన్ని నేను చాలాకాలంగా వినడం లేదు, వరుసగా నిలబడిన ఆటగాళ్ళ ముఖాల్లో చూస్తున్నాను. అటువంటి నేను, ఒకే ఒక్క రాత్రి, ఆఖరి నిమిషంలో పడిన గోలుకు తట్టుకోలేక "గోల్" అని ఒక్క కేక వేశాను. మర్నాడు పొద్దున్నే పక్కింటాయన అరుగు మీద ప్రత్యక్షమై, పడుకునే వేళ ఇవేం అరుపులండీ, కాపురాలు చేసుకునేవాళ్ళు ఉన్నారు కదండీ అని మందలించి వెళ్ళాడు. ఆయన మా పోటీల కమిటీకి కోశాధికారి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు మోగకూడదని, నివాస ప్రాంతాలలో రాత్రి ధ్వని 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు నియమాలు చెబుతున్నాయి. ఆ నియమాలు మా ఊళ్ళో అమలైంది నా గొంతు మీదనే.

మరి అంత బాధ పడి ఊరి జట్టునే పట్టుకు వేలాడటం ఎందుకు, పెద్ద క్లబ్బును అభిమానించవచ్చు కదా అంటారు. అభిమానించాను. కోచ్ రహీం సాహెబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును నడిపి 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిపించాడనీ, ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిందనీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిందనీ విని పెరిగినవాడిని గనుక, 2019లో హైదరాబాద్‌కు ఒక క్లబ్బు వచ్చినప్పుడు తెలుగువాడికి మళ్ళీ ఒక జట్టు దొరికిందని పొంగిపోయాను. 2022లో అది మన దేశపు పెద్ద లీగ్ ఐఎస్ఎల్‌లో విజేత అయింది. ఆ తరువాత ఆటగాళ్ళ బకాయిలు, ఫిఫా నిషేధం, చివరికి 2025లో క్లబ్బే ఢిల్లీకి మకాం మార్చి పేరు కూడా మార్చుకుంది. అభిమానులతో ఎవరూ ఒక మాట అనలేదు. డీజే ఆపరేటర్ అడ్వాన్సు చేతిలో పడనిదే వైరు చుట్ట విప్పడు. ఆటగాడు మాత్రం అప్పు మీద ఆడాలి.

ఆ సెమీఫైనల్‌లోనే, రెండో సగంలో, మా లెఫ్ట్ బ్యాక్ కుర్రవాడు పడిపోయాడు. ఇంటర్ చదువుతున్నాడు, తండ్రి కొబ్బరి దింపు తీస్తాడు. మోకాలు మెలిపడింది. వాడు అరిచాడు. ఎవరికీ వినబడలేదు, ఎందుకంటే అప్పుడు త్రో ఇన్‌కు కూడా పాట వేస్తున్నారు. వాడు నేల మీద దొర్లుతుంటే వాడి పక్క నుంచే బంతి రెండుసార్లు వెళ్ళింది. రిఫరీ విజిల్ ఊదీ ఊదీ, చివరికి వెళ్ళి బంతిని చేతులతో పట్టుకుని ఆట ఆపవలసి వచ్చింది. మైదానంలో స్ట్రెచర్ లేదు, కట్టు కట్టే గుడ్డ లేదు, చివరికి ఒక ఐసు ముక్క లేదు. కమిటీవారి కూల్‌డ్రింకుల డబ్బాలో ఐసు ఉంది. అది అతిథుల కోసం. ఆ పిల్లవాడిని మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య ఇరికించి, వేలాడుతున్న కాలును వాడి చేతుల్లోనే పెట్టి ఆస్పత్రికి పంపారు. ఇదేమిటని అడిగితే వైద్యానికి బడ్జెట్ లేదన్నారు. సిగ్గుండాలి! డీజే అద్దెలో పదో వంతు పెడితే ఒక నర్సమ్మ వచ్చి ఆ గట్టు మీద కూర్చునేది. ఎవరి ఆట చూపించి చందాలు వసూలు చేశారో, ఎవరి ఒంటి మీద మీ దుకాణాల పేర్లు రాసుకున్నారో, ఆ పిల్లవాడి కేక వినబడనంత మోతకు డబ్బు పోసి, దానికి అభిమానం అని పేరు పెట్టారు. అది అభిమానం కాదు. ఆ బాక్సులు లేకపోతే గట్టు మీద ఉన్న వెయ్యి మందిలో ఒక్కడికైనా వాడి ఏడుపు వినబడేది, ఒక్కడైనా దిగి పరుగెత్తేవాడు.

పండగ వెళ్ళాక కమిటీకి రాతపూర్వకంగా ఒక విజ్ఞప్తి సమర్పించాను. బంతి ఆటలో ఉన్నంతసేపు బాక్సులు ఆపాలనీ, ఐసు, స్ట్రెచర్ ఏర్పాటు చేయాలనీ అందులో కోరాను. కమిటీ దానిని సావధానంగా పరిశీలించింది. ఒకే డీజే ఉండటం వల్ల ఇరుజట్లకూ అన్యాయం జరుగుతోందని గుర్తించి, వచ్చే ఏడాది నుంచి గోలు పోస్టుకు ఒకటి చొప్పున రెండు బండ్లు పెట్టాలని నిర్ణయించింది. తువ్వాలు పెద్దమనిషికి దోమతెర మంజూరైంది. ఐసు విషయం తదుపరి సమావేశానికి వాయిదా పడింది. కుర్రవాడికి మోకాలిలో లిగమెంట్ తెగిందట, ఆపరేషన్ చేయాలట. అందుకయ్యే ఖర్చు కోసం కమిటీవారే పెద్దమనసు చేసుకుని వచ్చే నెలలో ఒక సహాయార్థ మ్యాచ్ పెడుతున్నారు. డీజేకు అడ్వాన్సు ఇచ్చేశారు. ముఖ్య అతిథి ప్రవేశానికి ఏ పాట వేయాలన్నది ఇంకా తేలలేదు.