హార్డ్ డిస్కు పట్టుకెళ్తే పాట ఆగుతుందా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి బజార్లలో తెలుగు పాట దొరికే చోటు మొబైల్ షాపు. మెమరీ కార్డు ఇస్తే కంప్యూటర్లోంచి పాటలు ఎక్కించి ఇస్తారు. సెకనుకు 128 కిలోబిట్ల (కేబీపీఎస్) ఎంపీ3లో 5 నిమిషాల పాట 5 ఎంబీ లోపే. 8 జీబీ కార్డులో 1,600 పాటలు పడతాయి. ఇది నేరమే. సొంతానికి తీసుకునే కాపీకి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది గానీ, డబ్బు పుచ్చుకుని ఎక్కించేవాడికి లేదు. 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు.

కానీ రాష్ట్రాలవారీగా సరుకు పంచే పాటల కంపెనీకి రాష్ట్ర హద్దుకు అవతలి తెలుగువాడు ఏ ఖాతాలోనూ పడడు. ఆ లోటు తీర్చింది కాపీయే.

క్యాసెట్ల కాలంలో చీటీ రాసిస్తే గంట నిడివి సీ-60 క్యాసెట్లో పక్కకు ఆరు పాటలు. పొదుపని గంటన్నర సీ-90 అడిగితే టేపు పలచన, సుమారు 12 మైక్రాన్లు. రోలర్‌కు చుట్టుకుని నలిగేది. టేపును చదివే హెడ్ కాస్త పక్కకు ఒరిగితే ముందు తాళాల మోత పోతుంది. కాపీకి కాపీ తీస్తే బుస పెరుగుతుంది. అంటే నకలుకు హద్దు టేపులోనే ఉంది. అయినా 1981లో బ్రిటన్ కంపెనీలు ఇంటి టేపింగ్ సంగీతాన్ని చంపేస్తోందని గగ్గోలు పెట్టాయి.

డిజిటల్‌లో వందో కాపీ కూడా మొదటిదే, కాబట్టి అక్కడి భయానికి అర్థముంది. 1992 అమెరికా చట్టం డిజిటల్ రికార్డర్లకు తాళం వేసింది: అసలు నుంచి కాపీ తీయొచ్చు, ఆ కాపీ నుంచి మరొకటి కుదరదు. యంత్రంపై 2 శాతం, ఖాళీ టేపుపై 3 శాతం రాయల్టీ. ఈ రాయల్టీ మంచి ఆలోచన. చెడిందల్లా కంప్యూటర్‌ను లెక్కలోంచి వదిలేయడం దగ్గర. రియో ఎంపీ3 ప్లేయర్‌ను ఆపమని కంపెనీలు కోర్టుకు వెళ్తే, హార్డ్ డిస్కు నుంచి పాట తీసుకునే ఈ యంత్రం చట్టం చెప్పే రికార్డరే కాదని 1999లో అప్పీలు కోర్టు తేల్చింది. 2005లో సోనీ బీఎంజీ ఇంకో అడుగు వేసి, సీడీ కొన్నవాడి కంప్యూటర్లో దొంగచాటుగా దాక్కునే సాఫ్ట్‌వేర్ పెట్టింది. అది వైరస్‌లకు దారివ్వడంతో సీడీలు వెనక్కి తీసుకుంది. ఉచితంగా దించుకున్నవాడికి ఏమీ కాలేదు.

ఇప్పటి తాళం యాప్‌లో ఉంది. స్పాటిఫైలో దాచుకున్న పాటలు నిలవాలంటే 30 రోజులకోసారైనా నెట్‌కు రావాలి. సిగ్నల్ కోసం కొండ దిగాల్సిన ఊరివాడికి కార్డే నమ్మకం.

షాపు కౌంటరుకే లైసెన్సిచ్చి, ఎక్కించిన కార్డుకింత అని తీసుకుంటే కంపెనీకి కొంతయినా ముడుతుంది. పోలీసులు షాపుపై దాడి చేసి హార్డ్ డిస్కు పట్టుకెళ్తే ముట్టేది సున్నా, వారం తిరక్కుండా కొత్త డిస్కు నిండుతుంది.