రన్నర్ డిస్కులో కాపురముంటున్న ఇమేజ్ క్యాష్ గారికి

క్యాష్ గారూ,

మా కోడ్‌ని బిల్డ్ చేసి పరీక్షించే మెషిన్ రన్నర్, ఆ పనికి కావలసిన సాఫ్ట్‌వేర్ మూట ఇమేజ్, ఒకసారి తెచ్చిన మూటని మళ్లీ తేనక్కర్లేకుండా దాచిపెట్టేది మీరు. మీరు మంచివారే, కాదనను. గొడవంతా ఆ మంచితనంతోనే.

మొన్న శుక్రవారం సాయంత్రం, అదీ రిలీజ్ రోజున, ఒకటో రన్నర్‌లో డిస్కు నిండిపోయిందని గోల పెడితే నేనే లోపలికెళ్లి, వాడుకలో లేనివి తుడిచేసే డాకర్ సిస్టమ్ ప్రూన్ అనే కమాండ్ కొట్టాను, దాచిన ఇమేజ్‌లు కూడా పోయేలా చివర మైనస్ ఏ తగిలించి మరీ. 40 జీబీ ఖాళీ అయింది. వాకిలి కడిగి ముగ్గేసినంత హాయి. పది నిమిషాలకి పైప్‌లైన్లు, అంటే రన్నర్ల మీద వరసగా నడిచే మా జాబ్‌లు, ఫెయిలై ఎర్రబడటం మొదలైంది. "మేనిఫెస్ట్ అన్‌నోన్: మేనిఫెస్ట్ అన్‌నోన్", అంటే మీరడిగిన ఇమేజ్ ఏదో నాకు తెలీదు అని. ఒకసారి చెబితే నమ్మరనుకుందో ఏమో, రెండుసార్లు చెప్పింది.

రెండో రన్నర్‌లో మీ తమ్ముడున్నాడు చూశారూ, వాడిని నేను ముట్టుకోలేదు. అందుకని జాబ్ అటు పడితే పచ్చ, ఇటు పడితే ఎరుపు. "రీట్రై కొట్టన్నా, పాసవుద్ది" అని ఒకడు, "నెట్‌వర్క్ అయ్యుంటది" అని ఇంకొకడు. గంటన్నర పాటు టీమంతా లాటరీ టికెట్లు గీకినట్టు రీట్రై బటన్ నొక్కుతూ కూర్చుంది. లాగిన్ టోకెన్ మార్చాం. ట్యాగ్ (ఇమేజ్ వెర్షన్‌కి పెట్టే పేరు) స్పెల్లింగ్ అక్షరం అక్షరం చదివాం. లాగిన్ పోయుంటే తిట్టు వేరేలా ఉంటుంది, "యాక్సెస్ డినైడ్" అని వస్తుంది, ఆ సంగతి మాకు తట్టేసరికి ఎనిమిదైంది.

అప్పుడు మా ఇమేజ్‌లన్నీ ఉండే సర్వర్, అదే రిజిస్ట్రీ, తెరిచి చూస్తే మా జాబ్‌లన్నిటికీ పునాది అయిన బేస్ ఇమేజ్ ట్యాగే లేదు. రెండు నెలల కిందటే పోయింది. 90 రోజులు దాటిన ట్యాగులు తీసేయమని ఒక క్లీనప్ రూల్ ఉంది. బేస్ ఇమేజ్ బాగా పనిచేస్తోంది కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోలేదు కాబట్టి పాతదైంది, పాతదైంది కాబట్టి పోయింది. రోజంతా అందరూ దాన్నే వాడుతున్నారన్నది ఆ రూల్‌కి అక్కర్లేదు, పుట్టిన తేదీ చాలు. మీరేమో ఈ రెండు నెలలూ, పోయిన తాతగారి పేరు మీద నెలనెలా పింఛను తెచ్చుకునే ఇంట్లోవాళ్లలా, గుట్టు బయటపడకుండా నెట్టుకొచ్చారు.

రూల్ రాసిన మహానుభావుడెవరా అని, ఏ లైన్ ఎవరు రాశారో చెప్పే గిట్ బ్లేమ్ కొడితే నా పేరొచ్చింది. దొంగకి తేలు కుట్టినట్టు ట్యాబ్ మూసేసి, చాట్‌లో "రూట్ కాజ్ చూస్తున్నా" అని పెట్టాను.

మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టిందీ మేమేలెండి. 2020 నవంబర్‌లో డాకర్ హబ్ అనే పబ్లిక్ రిజిస్ట్రీ, లాగిన్ లేకుండా ఇమేజ్‌లు లాగేవాళ్లకి ఒక్కో ఐపీకి 6 గంటల్లో 100 పుల్స్ అని హద్దు పెట్టింది. మా ఆఫీసంతా ఒకే ఐపీ వెనకుంది, మధ్యాహ్నానికే కోటా అయిపోయేది. సరే అని పుల్ పాలసీని 'ఇఫ్ నాట్ ప్రెజెంట్' చేశాం. నీ దగ్గరుంటే ఎవరినీ అడగొద్దు అని. మీరు నిజంగానే ఎవరినీ అడగలేదు.

ఇమేజ్ ఎలా తయారు చేయాలో రాసిన డాకర్‌ఫైల్ ఉందిగా, మళ్లీ బిల్డ్ చేసేద్దాం అనుకున్నాం. మొదటి లైన్లోనే డెబియన్ స్ట్రెచ్, 2017 నాటి లైనక్స్ వెర్షన్. దాని ప్యాకేజీల్ని మామూలు డౌన్‌లోడ్ సర్వర్ల నుంచి ఆర్కైవ్‌కి ఎప్పుడో తరలించేశారు, ప్యాకేజీల జాబితా తెచ్చే ఆప్ట్ అప్‌డేట్ దగ్గరే 404. చివరికి మీ తమ్ముడి కాళ్లే పట్టుకున్నాం. వాడి దగ్గరున్న కాపీని రిజిస్ట్రీకి పుష్ చేసి రిలీజ్ ముగించేసరికి రాత్రి పదకొండుంపావు. ఇంకో మాట, ఇది టీమ్‌లో ఎవరికీ చెప్పలేదు: సాయంత్రం వాడి మీదకి కూడా ప్రూన్ టైప్ చేసి పెట్టుకున్నాను, ఎంటర్ కొట్టబోతుంటే బిర్యానీ పార్సిల్ వచ్చిందని లేచాను.

రూల్‌లో ఆ ఒక్క ట్యాగ్‌కి మినహాయింపు రాశాను. సోమవారం పొద్దున ఎందుకో అనుమానమొచ్చి మీ తమ్ముడి దగ్గరున్న మా ఇమేజ్‌ల లిస్టు తీసి రిజిస్ట్రీతో పోల్చి చూశాను. 23లో 6 అక్కడ లేవు.

రెండో రన్నర్ డిస్కు ఇవాళ 91 శాతం నిండింది.

ఇట్లు,
ప్రూన్ కొట్టినవాడు