ఇంకా ఎంత శాతం?

అమెరికాలో కాఫీ కోసం వరుసలో నిలబడింది నేను. గ్లాసు మోసుకొచ్చుకున్నది నేను. చక్కెర కలుపుకున్నదీ నేనే. మరి డబ్బు కట్టే ఆ తెర నా వైపు తిప్పి, టిప్పు 18, 20, 25 శాతమా అని అడగడం దేనికి? 'టిప్పు వద్దు' అనే మీట ఎక్కడో మూలన, చీమ తలకాయంత ఉంటుంది. అది వెతుక్కునేలోపు వెనకున్న వాళ్లందరి చూపూ మన వేలి మీదే!

ఇక్కడ బల్ల దగ్గరికి తెచ్చి వడ్డించే వాళ్లకు ఇవ్వాలి, ఒప్పుకుంటాను. టెక్సస్ లాంటి చోట్ల వాళ్లకు యజమాని చేతి నుంచి గంటకు 2.13 డాలర్లు వస్తే చాలట. 1991 నుంచి ఆ అంకె కదలలేదు. టిప్పులతో కలిపి గంటకు 7.25 డాలర్ల కనీస వేతనానికి చేరకపోతేనే మిగిలినది ఆయన పూడ్చాలి. అంటే ఏమిటి? అంతవరకూ నా టిప్పు మిగిల్చేది ఆయన డబ్బునే కదా! కష్టపడి తిరుగుతూ వడ్డించే అమ్మాయి మీద నాకేం కోపం?

ఇక ఇంటికి భోజనం తెప్పించుకుంటే మరీ విడ్డూరం. అన్నం గడప తొక్కకముందే సేవ బాగుందని మెచ్చుకుని టిప్పు రాయాలి. ఆరుగురం కలిసి హోటలుకు వెళ్తే చాలాచోట్ల బిల్లులోనే సర్వీస్ చార్జీ వేసేస్తారు, దాని కింద మళ్లీ టిప్పుకు ఖాళీ గీత! చూసుకోకపోతే రెండుసార్లు వదిలినట్టే. కొన్నిచోట్ల పన్ను మీద కూడా శాతం కడతారు. ప్రభుత్వం నాకేం వడ్డించిందని? ఆ డబ్బేదో మెనూ ధరలోనే కలిపి రాయడానికి ఎవరు అడ్డుపడ్డారు?